కదలని బండి, నోరు మెదపని అల్లుడు

అల్లుడుగారికి,

మీ అత్తయ్య దీవెనలు. మీరూ అమ్మాయీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ అందరం కులాసా, బండి తప్ప.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటి అనుకుంటారేమో. ఫోనులో మీరు "అలాగేనండి" తప్ప రెండో మాట మాట్లాడరు. కాగితం మీదైతే నాలుగు ముక్కలు రాయక తప్పదు కదా.

సంగతి ఏమిటంటే, నాలుగు చక్రాలూ లాగే మా బండికి ఆటోమేటిక్ గేర్‌బాక్సు ముందువైపు సీలు దగ్గర ఆయిలు కారుతోందని, దాన్ని కిందికి దించి సీలు మార్చి మళ్ళీ ఎక్కించాను. ట్రాక్టర్ల షెడ్డులో పని చేసినదాన్ని, నాకిది కొత్త కాదు. ఇంజను చక్కగా స్టార్టవుతోంది. కానీ గేరు ముందుకి వేసినా, రివర్సు వేసినా ఉన్నచోటు వదలదు. తొక్కితే అరుపే గాని అడుగు పడదు. ఇంకో వింత, పార్కింగులో పెట్టినా నిలవదు, గేటు వైపు జారిపోతుంది. చక్రాల కింద ఇటుకలు పెట్టాను.

ఒకటో తారీకుకి బండి కదలకపోతే అమ్మేద్దామని మీ మామగారు పాత బండ్ల వ్యాపారికి మాటిచ్చారు. నేనూ పౌరుషానికి పోయి సరేనన్నాను. బండి పోతే గుట్ట మీద నా మొక్కల తోటకి నీళ్ళ డ్రమ్ములు ఎక్కేదెలా? తోట మూసేసి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. పెద్ద వర్క్‌షాపులో గేర్‌బాక్సుల పనే చూస్తున్నారు గనుక, లోపమేమిటో రాయండి.

మీ అత్తయ్య

తా.క. (వేరే చేతిరాతలో) ఏమోయ్ అల్లుడూ, ఇది మీ మామయ్యని. పోస్టు డబ్బా దాకా నడిచేది నేనే కదా, దారిలో కవరు విప్పాను. జిగురు నా దగ్గరే ఉంది. తొందరపడి జవాబు చెప్పకు. ఆ గుట్ట దారిలో ఆవిడ దిగి వచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని హారను కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటాను. బండి పోతే ఇద్దరం నిమ్మళంగా ఉంటాం. నాతో ఏమైనా చెప్పాలంటే విడిగా చీటీ పెట్టు. వచ్చిన ఉత్తరాలు తెచ్చేదీ నేనే.

---

పూజ్యులైన అత్తయ్యగారికి,

అల్లుడి నమస్కారాలు. మీరు బిగించిన గేర్‌బాక్సులో లోపం ఉంటుందని నేను కలలోనైనా అనుకోను. అయినా మీరు అడిగారు గనుక, అడిగినప్పుడు రాయకపోవడం మర్యాద కాదు గనుక రాస్తున్నాను.

ఇలాంటి గేర్‌బాక్సుల్లో ఆయిలు మట్టాన్ని చాలావరకు బండి సమంగా ఉన్నచోట, ఇంజను నడుస్తూ ఉండగా చూస్తారు. ఆపి చూస్తే లెక్క తప్పుతుంది. ఇది మీకు తెలియదని కాదు, నాకు తెలుసని చెప్పుకోవడానికి రాశాను. మిగతాదంతా తమ దయ.

భవదీయుడు,
మీ అల్లుడు

తా.క. మీ అమ్మాయి ఇది చదివి, "ఇది జవాబా, శుభలేఖా?" అంది.

(చీటీ. మామయ్యగారికి మాత్రమే.)

పార్కింగులో పెట్టినా జారుతోందన్నప్పుడే నాకు తెలిసిపోయిందండి. పెద్ద గేరు లివరు పక్కన చిన్న లివరు ఉంటుంది కదా, రెండు చక్రాలు లాగాలా నాలుగు లాగాలా అని మార్చేది. అది న్యూట్రల్‌లో ఉండిపోయింది. అలా ఉంటే ఇంజను బలం ఏ చక్రానికీ అందదు, పార్కింగు పట్టూ అందదు. ఒక్క మెట్టు ముందుకి తోస్తే చాలు. మీరు వద్దన్నారని అత్తయ్యగారికి రాయలేదు. కానీ నాకు అన్నం సయించడం లేదు.

---

అల్లుడుగారికి,

దీవెనలు. మీరు అంత మర్యాదగా ఆయిలు గురించి రాశారంటే, నేను పోసిన ఆయిలు పనికిరానిదని మీ ఉద్దేశం. అర్థమైంది. మొత్తం దించేశాను. పట్టడానికి వేరే పాత్ర లేక మీ మామగారి స్నానం బకెట్టు తీసుకున్నాను. ఎలాగూ బకెట్టు ఆయనదే గనుక టార్చి కూడా ఆయన్నే పట్టుకోమన్నాను.

కొత్త ఆయిలు పోసి, మీరు చెప్పినట్టే ఇంజను నడుస్తూ ఉండగా చూశాను. మట్టం సరిగ్గా ఉంది. బండి మాత్రం కదల్లేదు. నొచ్చుకుంటానని మొహమాటపడకుండా ఇంకేముందో రాయండి.

మీ అత్తయ్య

తా.క. (మామగారి రాత) ఆ ఆయిలు ఎర్రగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నా బనీను గులాబీ రంగుకి తిరిగింది. టార్చి పట్టుకుంటే వంకరగా పట్టానంది. తిన్నగా పడితే కళ్ళలో కొడుతోందంది. అయినా సరే, నువ్వు నోరు విప్పకు. అన్నట్టు, బండి కింద వెనక వైపుకి పొడుగ్గా ఒక గొట్టం పోతోంది, అదేమిటి? ఊరికే అడుగుతున్నాను.

---

పూజ్యులైన అత్తయ్యగారికి,

నమస్కారాలు. మీ ఆయిలు పనికిరానిదని నేను అనలేదండి. మామయ్యగారి బకెట్టు విషయంలో నా సానుభూతి తెలియజేయగలరు.

మా షాపులో ఒక్కోసారి ఇలా జరుగుతుంది. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య గుండ్రంగా బిందెలా ఉంటుందే కన్వర్టరు, అది లోపలికి పూర్తిగా కూర్చోకముందే బోల్టులు బిగించేస్తారు. మీరు అలా చేశారని కాదు. చేసి ఉండరు. ఏది విప్పడానికైనా ముందు బండిలో ఉన్న లివర్లన్నిటినీ, చిన్నా పెద్దా తేడా లేకుండా, ఒకసారి అటూ ఇటూ కదిపి చూడటం ఒంటికీ బండికీ మంచిదని పెద్దలు మీకు తెలియనిది కాదు.

భవదీయుడు,
మీ అల్లుడు

తా.క. పై వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో తెలియలేదని మీ అమ్మాయి ఫిర్యాదు.

(చీటీ. మామయ్యగారికి మాత్రమే.)

అది ప్రొపెల్లర్ షాఫ్టండి, వెనక చక్రాలకి బలం తీసుకెళ్ళేది. దయచేసి ఆ చిన్న లివరు మీరే తోసేయండి. అత్తయ్యగారు గేర్‌బాక్సు మళ్ళీ దించారంటే ఆ పాపం మనిద్దరిదీ.

---

అల్లుడుగారికి,

దీవెనలు. గేర్‌బాక్సు మళ్ళీ దించాం.

కన్వర్టరు అని మీరు అన్నాక ఊరుకోగలనా? వీధి చివర వెల్డింగు షాపులో బరువులెత్తే చెయిన్ బ్లాకు మళ్ళీ అరువు తెచ్చాం. నాకు మోకాళ్ళు సహకరించక మీ మామగారిని కిందికి పంపాను. కన్వర్టరుని తోస్తూ తిప్పుతూ ఉంటే ఒకసారి టక్కుమంది, ఇంకాస్త తిప్పితే మళ్ళీ టక్కుమని లోపలికి కూర్చుంది. ఆ చప్పుడుకి ఆయన ముఖం చూడాలి మీరు. బోల్టులన్నీ ఆయనే బిగించారు. నేను చెప్పిన వరసలో కాదు, తనకి తోచిన వరసలో. విప్పించి మళ్ళీ బిగించమన్నాను. సణిగారు గాని బిగించారు.

బండి కదల్లేదు. మీరు చెప్పినట్టు లివర్లు కూడా కదిపాను. సీటు పక్కన ఉన్న లివరు కదిపితే సీటు వెనక్కి పడింది, దాంతోపాటు నేనూ పడ్డాను. ఒకటో తారీకు వచ్చేస్తోంది. తోటలో మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి.

మీ అత్తయ్య

తా.క. (మామగారి రాత) అల్లుడూ, నా వేళ్ళు కమిలిపోయాయి. పక్కింటాయనకి చూపించాను, ఎదురింటాయనకి కూడా చూపించాను. ఒక్క బోల్టు వదులుగా ఉంటే నన్నడుగు. ఆ చిన్న లివరు తోసేద్దామని నిన్న బండి ఎక్కాను కూడా. కానీ అది నీకెలా తెలిసిందంటే ఏం చెప్పను? కవర్లు విప్పుతున్నానని బయటపడదూ? వ్యాపారి మాత్రం కబురు మీద కబురు పెడుతున్నాడు. ఎందుకో ఇప్పుడు ఇవ్వబుద్ధి కావడం లేదు. ఏదో ఒక ఉపాయం రాయి, త్వరగా.

---

అత్తయ్యా,

గారు పెట్టే తీరిక లేదు. చిన్న లివరు న్యూట్రల్‌లో ఉంది. ఒక్క మెట్టు ముందుకి తొయ్యండి, బండి కదులుతుంది. గేర్‌బాక్సు దించనక్కర్లేదు, ఆయిలు మార్చనక్కర్లేదు. మీ మొదటి ఉత్తరంతోనే నాకు తెలుసు. మామయ్యగారు వద్దన్నారని దాచాను. ఆయనది చెడు ఉద్దేశం కాదు, మీరు గుట్ట దిగి వచ్చేదాకా ఆయనకి భయం. తప్పు నాదే. కోప్పడాలంటే నన్ను కోప్పడండి.

మీ అల్లుడు

తా.క. నా ఉత్తరం బాగుందని మీ అమ్మాయి అనడం ఇదే మొదటిసారి.

---

నోరున్న అల్లుడికి,

బోలెడు దీవెనలు. ఇకనుంచి నిన్ను నువ్వనే అంటాను. నీ ఉత్తరం ఒకటో తారీకు దాటాక చేరింది, అయినా నా కడుపు నిండింది.

ఆ రోజు వ్యాపారి పొద్దున్నే దిగాడు. ఎక్కి కూర్చుని ఇంజను తిప్పి, గేరు వేసి, ముందుకీ వెనక్కీ చూసి పెదవి విరిచాడు. "తుక్కు కింద తీసుకుంటానండి. ఈ గేర్‌బాక్సు బిగించినవాడెవడోగాని, వాడికి పని రాదు" అన్నాడు.

మీ మామగారు చేతిలో ఉన్న పేపరు కింద పెట్టారు.

"ఎవడికి పని రాదు?" అన్నారు.

"బిగించినవాడికండి."

ఈయన వెళ్ళి వాణ్ణి పక్క సీట్లోకి జరగమన్నారు. చక్రాల కింద ఇటుకలు తన్నేశారు. ఎక్కి కూర్చుని, తడుముకోకుండా, వెతుక్కోకుండా, చిన్న లివరు మీద చెయ్యి వేసి ముందుకి తోశారు. గేరు వేశారు. బండి గేటు దాటి, వీధి దాటి, గుట్ట ఎక్కి నా తోట దగ్గర ఆగింది. వ్యాపారి అక్కణ్ణించి నడిచి వచ్చాడు. "నా చేత్తో బిగించిన బండి, పైసా తగ్గకుండా ఇచ్చినా అమ్మను" అన్నారట వాడితో.

ఇంటికొచ్చాక, "ఆ లివరు సంగతి మీకెలా తెలుసు?" అని అడిగాను. "తోచింది" అన్నారు. సరేనన్నాను.

ఇప్పుడు నీకొక్కడికే చెబుతున్నాను. నీకు మొదటి ఉత్తరం రాసిన మర్నాడే నాకూ ఆ లివరు కనబడింది. తోసేసి గుట్ట ఎక్కేదాన్నే. కానీ తోస్తే ఏమవుతుంది? ఈ నెల కాకపోతే పై నెల, ఏదో వంకన అమ్మేస్తారు. ఆయన ఏనాడూ బండి కిందికి తొంగి చూసిన మనిషి కాదు. ఒక్కసారి చెయ్యి పడితే వదలరని నాకు తెలుసు, కాపురం చేసినదాన్ని కదా. అందుకే నీ మర్యాదలన్నిటినీ ఆజ్ఞలుగా తీసుకున్నాను. ఆ సీలు మీద నాకు ఎలాగూ అనుమానం ఉండేది, అదీ తీరిపోయింది.

ఆయనకి గుట్ట దారంటే అంత భయమని మాత్రం నాకు తెలియదు. ఎప్పుడూ నాతో అనలేదు. నీ ఉత్తరంలో చదివాకే తెలిసింది. ఇప్పుడు రోజూ నాతోనే వస్తున్నారు. డ్రమ్ములు దించుతారు, మొక్కలకి నీళ్ళు పోస్తారు, దారి పొడుగునా నా డ్రైవింగుకి వంకలు పెడతారు. గేటు దగ్గర కుర్చీ లోపలికి తీసేశాం.

ఈ ఉత్తరం నేనే పోస్టు చేస్తున్నాను.

మీ అత్తయ్య

తా.క. మామయ్యగారికి మాత్రమే అని రాసే చీటీలు ఇకమీదట పెన్సిలుతో రాయి. ఆయన వాటిని చొక్కా జేబులో దాచుకుంటారు. ఉతికేటప్పుడు నేను చూసి తీస్తే సరేసరి, లేకపోతే జేబులన్నీ సిరా అవుతున్నాయి.