అక్క గొంతు పెంచిన సంగతి

గొంతుకు ఏ లోటూ లేని బావగారికి,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. మీకు చెప్పడమంటే గోడకి చెప్పడమే. గోడ నయం, మధ్యలో అడ్డు రాదు. కానీ అక్క కుట్టు షాపుకి నలభై ఏళ్లు నిండాయని తీసిన వీడియో ఆదివారం అందరి ముందూ వెయ్యాలి గనక రాస్తున్నాను.

నాకు ఎడిటింగ్ ఎవరూ నేర్పలేదు. రేడియోలు బాగుచేసే రోజుల్లో ఒకాయన సెట్టు తెచ్చి, "వార్తలు గట్టిగా, పాటలు మెల్లిగా వస్తున్నాయయ్యా" అన్నాడు. విప్పి చూస్తే సెట్టుకేం రోగం లేదు. వార్తలప్పుడు ఆయనే సౌండు బుడిపె తిప్పుతున్నాడు. ఆయన మీకు చుట్టం కాదు గానీ, అయి ఉండవలసింది.

షూటింగ్ రోజు నా దగ్గర కాలర్ మైకు ఒక్కటే ఉంది. ప్రశ్నలు అడిగేది మీరు, కథ చెప్పవలసింది అక్క. మైకు మీ చొక్కాకి తగిలించుకున్నారు. అడిగేవాడికి మైకు, చెప్పేదానికి గాలి. దాంతో మీ గొంతు సౌండు మీటరులో ఎర్రగీత దాటి గంతులేస్తోంది, అక్కది అడుగునుంచి లేవలేదు. నా పద్ధతి ఒకటే: ఎవరి మాటైనా ఒకే గీత దగ్గర నిలబడాలి, చూసేవాళ్ల చెయ్యి రిమోటు మీదికి పోకూడదు. మిమ్మల్ని దించాను, ఆవిడని ఎత్తాను. ఆవిడతోపాటు వెనకున్నవన్నీ లేచాయి. ఫ్యాను లేచింది. మీరు గొణిగిన "చాల్లే, ఇక ఆపు" లేచింది. పదకొండు సార్లు.

ఫోనులో ఏమన్నారు? "దానిది అలాగే ఉండనియ్యవయ్యా, సహజంగా ఉంటుంది. నాది కాస్త పెంచు." ముందు మీరన్నట్టే చేశాను, సిగ్గులేక. చూపిస్తే అక్క స్పీకరుకి చెవి ఆనించి, "ఇక్కడ నేనేం చెప్పానురా?" అంది. తన షాపు కథ తనకే వినపడలేదు. మీ చాల్లేలు ఆవిడ మాటల మీదే పడ్డాయి, కోస్తే ఆవిడ మాటా తెగుతుంది. కొయ్యను. ఇదే వెయ్యండి, లేదా మానెయ్యండి.

— మీ ఆవిడ తమ్ముడు

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావ రెండుసార్లు చదివి, నా కుట్టుమిషను మీద పెట్టి వెళ్లారు. తర్వాత ఇద్దరం వీడియో చూశాం. మూడో చాల్లే దగ్గర తల దించుకున్నారు. అవి నాకు కొత్తా? పెళ్లయిన దగ్గర్నించీ వింటున్నవే.

ఆ వీడియోలో లేకుండా పోయినదొకటి ఉంది. ఆయన చాల్లే అన్నప్పుడు చాలాసార్లు కెమెరా వెనక నువ్వు కిసుక్కున నవ్వావు. ఆయన గొణుగుడికి నేను ఆగలేదురా, నీ నవ్వుకి ఆగాను. అది ఏమైపోయింది? ఆయనవి కొయ్యనన్నావు, నీవి ఏ కత్తెరతో కోశావు? వాటినీ అదే గీత దగ్గర నిలబెట్టు. లేకపోతే ఆదివారం నేనే వెయ్యనివ్వను.

— అక్క

అక్కా,

నవ్వులు నువ్వు మాట ఆపిన చోట పడ్డాయి. అందుకే కొయ్యడం సులువైంది. కోసిన మర్నాడే కూర్చుని బావకి నీతులు రాశాను. ఆయన గొణిగి ఊరుకున్నాడు, నేను నవ్వి దాచుకున్నాను. ఇద్దరిలో ఎవడు చవకబారువాడో నీకే తెలుసు.

నవ్వులన్నీ తిరిగి పెట్టాను. తొమ్మిది ఉన్నాయి. ఒకటి చాలా పొడుగు.

ఫైలు మధ్యాహ్నం రెండింటికి పంపాను. నాలుగింటికి నీకు చేరినట్టు ఫోను చూపించింది. ఆదివారం అదే వెయ్యండి.

— తమ్ముడు