సీసా వెనకవైపు

కెంపెర్, నవంబర్ 3

ప్రియమైన గుల్వెన్,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాయలేదు. నా భార్య సొయిజిక్ తమ్ముడివి కాబట్టి రాశాను.

జూన్‌లో చేపల బజారులో నన్ను ఆపావు. “ఎర్వాన్, నువ్వు చదువుకున్నవాడివి. మా చేపల సూప్‌కి ఫోన్‌లో ఎర్ర గుర్తు పడింది. ఆ వివరాలు ఎక్కించేది ఎవరయ్యా?” అన్నావు.

“ప్యారిస్‌లో ఎవరో తెల్లకోట్ల వాళ్ళుంటారులే” అన్నాను.

చేపలమ్మే మారివాన్ ఊరుకోలేదు. “అంత దూరానికి మా గుల్వెన్ సూప్ వాసన కొట్టిందా పాపం?” అంది. నువ్వు కూడా నవ్వావు.

ఎక్కించింది నేనే. తిండి సరుకులకు మార్కులు వేసే యాప్‌లు చాలావరకు అందరికీ తెరిచి ఉన్న ఒక పెద్ద జాబితా మీద ఆధారపడతాయి. దాన్ని నింపేది మాలాంటి వాళ్ళం. ఎవరో దుకాణంలో సీసా తిప్పి, వెనక చీటీని ఫోటో తీసి పంపుతారు. యంత్రం అక్షరాలు చదివి తప్పులు చేస్తుంది. మేము దిద్దుతాం. కంపెనీలు కూడా తమ వివరాలు పంపుతాయి. పత్రికలో ముప్పై ఏళ్ళు అచ్చుతప్పులు దిద్దినవాణ్ణి, మోకాళ్ళు పోయాక ఇంట్లో కూర్చుని చేసేది ఇదే.

నీ సీసాను మొదట ఎక్కించినప్పుడు నేను అబద్ధం రాయలేదు. పిండి, రుచి పెంచే పొడి, వంద గ్రాములకు గ్రామున్నర ఉప్పు. సొయిజిక్ నీ కార్ఖానాకు నేర్పిన సూప్‌లో ఇవేవీ లేవు. ఆమె చనిపోయిన ఏడాదే ఇవి కలిపి, చీటీ మీద ఆమె పేరు తీసేశావు. ఎర్ర గుర్తు చూసి సంతోషించాను. దానికి సిగ్గుపడను.

సిగ్గుపడేది తర్వాతి దానికి. మార్చిలో నీ కార్ఖానా నుంచే కొత్త చీటీ ఫోటో వచ్చింది. పిండి లేదు, పొడి లేదు, ఉప్పు సగం. సీసా మీది బార్‌కోడ్ సంఖ్య పాతదే కాబట్టి, ఎవరైనా మార్చేదాకా ఫోన్‌లో పాత వంటే కనిపిస్తుంది. మార్చాల్సినవాణ్ణి నేను. ఫోటో అద్దంలా ఉంది. “స్పష్టంగా లేదు” అని రాసి తిప్పి పంపాను. మేలో మళ్ళీ వచ్చింది, మళ్ళీ తిప్పాను. బజారులో నువ్వు అడిగేనాటికి రెండోసారి కూడా అయిపోయింది. సెప్టెంబర్‌లో పెద్ద దుకాణం నీ సూప్‌ను అరల్లోంచి తీసేసిందని, నువ్వు వండటం ఆపేశావని మారివాన్ చెప్పింది.

నా జన్మలో తెలిసి వదిలిన తప్పు ఇదొక్కటే. ఈ ఉదయం దిద్దాను. క్షమాపణ మాత్రం అడగను. ఆమె పేరు నువ్వే ముందు చెరిపావు.

ఎర్వాన్


కెంపెర్, నవంబర్ 14

ప్రియమైన గుల్వెన్,

జవాబు లేకుండా సీసా ఒక్కటే పంపావు. అలవాటు ప్రకారం వెనకవైపే చదివాను. నేను దిద్దినదానికి అక్షరం తేడా లేదు. నెగ్గినట్టే అనిపించింది. బల్ల మీద పెట్టబోతూ తిప్పాను.

ముందువైపు సొయిజిక్ పేరుంది. ఆమె చేతిరాతే, ఆ పెద్ద ‘స’ నాకు తెలియదా? ఆమె వంట కాగితం మీంచి తీసి అచ్చువేయించావు. మార్చి నుంచీ ఉందని మారివాన్ చెప్పింది. వంట మారితే మేము వెనకవైపే అడుగుతాం. అందుకే జాబితాలో ముందు ఫోటో పాతదే, పేరు లేనిదే. ఎనిమిది నెలలు ఆమె పేరును ఫోన్‌లో ఎవరికీ కనబడకుండా దాచినవాణ్ణి నేనే.

ఆమె పేరు మళ్ళీ వేశానని బజారులో నువ్వు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. కానీ చెప్పనిచ్చానా? తెల్లకోట్ల కథ చెప్పి తప్పుకున్నాను.

ఇవాళ ముందువైపు ఫోటో తీసి ఎక్కించాను. మొదటి రెండుసార్లు నిజంగానే మసకగా వచ్చింది. ఇప్పుడు ఫోన్‌లో ఆమె పేరు పక్కన పచ్చ గుర్తుంది. కొనడానికి సీసా ఏ దుకాణంలోనూ లేదు. మూత మీద తేదీ చూశాను. ఇది నువ్వు ఆఖరి రోజున వండినది.

ఆదివారం మధ్యాహ్నం రా, గుల్వెన్. రొట్టె నేను తెస్తాను. ఈ మూత నా ఒక్కడి చేతులతో రాదు.

నీ అక్క భర్త,
ఎర్వాన్