పేరు చెప్పకూడని ఆకు

పెద్దమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ జ్వరం ఆకు ఖమ్మంలో మా కాలేజీ ల్యాబులో ఇవాళే నెగ్గింది. గాజు ప్లేటులో టైఫాయిడ్ క్రిములను పెంచి, మధ్యలో పసరు వేసి నిన్న పెట్టాను. పొద్దున చూస్తే పసరు చుట్టూ గుండ్రంగా ఒక్క క్రిమి లేదు. "ఇదేం మొక్క?" అని సార్ అడిగారు. సంబరంలో చెప్పేశాను. పేరు బయటపెడితే మందు పనిచేయదని, ఎవరికీ చెప్పకూడదని నాతో ఒట్టు వేయించుకున్నావు కదా.

మధ్యాహ్నం చర్ల నుంచి వదిన ఫోన్ చేసింది. నీ మనవరాలికి వారం నుంచి జ్వరమట.

"అత్తమ్మ ఆ ఆకు నీకే చూపించింది గద. పేరేందో జల్దీ చెప్పు, నూరి పోస్త."

ప్లేటులో చచ్చిన క్రిమి ఆ పిల్ల ఒంట్లో కూడా చస్తుందని నేనెలా చెప్పను?

"ఆకు వద్దొదినా. భద్రాచలం దవాఖానాకు తీస్కపో."

"అత్తమ్మకు ఒట్టేసినవని చెప్తలేవా?"

"అవ్ వదినా" అన్నాను.

నీ మాటంటే ఆమెకు ఇప్పటికీ అంత గురి. మారు మాట్లాడకుండా పిల్లను తీసుకుని బస్సెక్కింది. నా ముందున్న ప్లేటు మీద నీ ఆకు పేరు సార్ చేతిరాతలో ఉంది.