మొదటి పేజీ మీద దస్తీ

ఫిల్మ్‌నగర్ బస్తీ

జూబ్లీహిల్స్ వెన్నెల వెబ్ సర్వీసెస్‌ల కూసునే రాఘవేంద్ర సారుకు, గడ్డాల పోచయ్య శనార్తులు.

మొన్న మీ ఆఫీసుల నాకిచ్చిన చాయ్ సంగతి ముందుగాల తేలాలె. చాయ్ అంటే మరగవెట్టి పోస్తరు. మీరేమో ఉడుకునీళ్లల్ల చిన్న పొట్లం ముంచి, పొట్లానికి దారం కట్టి, దారానికి చిట్టీ కట్టి చేతికిచ్చిన్రు. తాగబోతె గా దారం నా మీసానికి తగులుకున్నది. గుంజితె పొట్లం ఎగిరొచ్చి తెల్లంగి మీద పడ్డది. మా ఇంటామె దేవమ్మ గా మరక ఉతికినప్పుడల్లా మీ ఆఫీసును యాది చేసుకుంటున్నది, మంచిగ కాదు. సాక్ష్యం కోసం గా చిట్టీ ఈ కవర్ల పెట్టిన.

ఇగ అసలు ముచ్చట. సినిమాలకు గడ్డాలు, మీసాలు, జడలు కిరాయికిచ్చుడే నా బతుకు. నా చేతి గడ్డం వెట్టుకోని మునీశ్వరుడు లేడు ఈ ఫిల్మ్‌నగర్‌ల. గిప్పుడు మేకప్పోళ్లు నెట్టుల చూసి బొంబాయి మాలు తెప్పిస్తున్రు. మా కొడుకు కమలాకర్ మీకు దుకాణం సైటు పని అప్పజెప్పి, నాకు ఒకటే మాట చెప్పిండు: "నాయ్నా, దసరా దాక చూస్త. నెట్టులకెల్లి గిరాకొస్తె సరే, లేకుంటె దుకాణం జూస్ సెంటరోళ్లకు కిరాయికిస్త."

గా మాట విన్నకాడికెల్లి తిన్నది ఒంటికి పడ్తలేదు బిడ్డా. నెట్టుల వెతికితె మొదటి పేజీల మన పేరు తెప్పిస్తనని నువ్వు మాటిచ్చినవ్. ఫోన్ల చెప్తె నాకు ఈ చెవులకెల్లి ఆ చెవులకు పోతది. కాయితం మీద రాయి. మీ ఆఫీసు వాచ్‌మన్ వెంకటనర్సయ్య మా గల్లీలనే ఉంటడు, తెచ్చిస్తడు.

ఇట్లు
గడ్డాల పోచయ్య

మరిచిన ముచ్చట: బస్సుల సీటు కోసం కిటికీలకెల్లి దస్తీ ఏస్తం కదా. మొదటి పేజీల సీటుకు దస్తీ ఎక్కడ ఎయ్యాలె? పొద్దుగాల్నే వచ్చి ఏసిపోత.


జూబ్లీహిల్స్

గౌరవనీయులైన పోచయ్య గారికి రాఘవేంద్ర నమస్కారాలు.

టీ విషయంలో జరిగిన అసౌకర్యానికి మా ఆఫీసు తరఫున క్షమాపణలండీ. మీరు పంపిన చిట్టీ మా మేడమ్ పద్మప్రియ గారి టేబుల్ మీదికి వెళ్ళిపోయింది. ఆవిడ అది ఏదో క్లయింటు విజిటింగ్ కార్డు అనుకుని ఫైల్లో పెట్టించారు.

మొదటి పేజీలో చేతిరుమాలు, అదే మీ దస్తీ, వేయడం కుదరదండీ. అక్కడ సీటు మాటల్ని బట్టి వస్తుంది. ఎవరైనా కంప్యూటర్లో కొన్ని మాటలు కొట్టి వెతుకుతారు. ఆ మాటలు మన సైట్లో ఉంటే మనం పైకొస్తాం. కాబట్టి మీ దగ్గరికి వచ్చేవాళ్ళు ఏ మాటలతో అడుగుతారో, అచ్చంగా అవే మాటలు రాసి పంపండి.

ఇంకొకటి. ఆర్కుట్, ఫేస్‌బుక్, ట్విట్టర్... వీటిలో మనం ఏదో ఒక్కటే ముందు మొదలుపెట్టగలం. ఏది కావాలో మీరే తేల్చండి.

మీ విధేయుడు
రాఘవేంద్ర

తా.క. నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నానండీ. నా చేతికిచ్చిన మొదటి క్లయింటు మీరే. దసరా గురించి మీకెంత కంగారుగా ఉందో నాకూ అంతే ఉంది.


ఫిల్మ్‌నగర్ బస్తీ

రాఘవేంద్ర సారుకు పోచయ్య దీవెనలతోని రాసుడేందంటే,

మాటలు అడిగినవ్ కదా, రాసుకో. "మునీశ్వరుని గడ్డం." "మునీశ్వరుడే గానీ జర కోపం ఎక్కువున్నోడు, గా గడ్డం." "జైలుకెల్లి విడుదలైనోని గడ్డం." దీనికి ఎన్నేండ్ల జైలో ముందే చెప్పాలె, పొడుగు మారుతది. "హీరోయిన్ తండ్రి మీసం." ఇది పెండ్లికి ఒప్పుకోక ముందు నిలవడి ఉంటది, ఒప్పుకున్నంక కిందికి దువ్వుతం.

అన్నిటికన్న ఎక్కువ అడిగేది లవ్ ఫెయిల్యూర్ గడ్డం. ఇంటర్వెల్ అటెన్కటి సీన్లు తియ్యబోంగనే అసిస్టెంట్ డైరెక్టర్ ఉరికొస్తడు. "పోచయ్యా, హీరోకు లవ్ ఫెయిల్యూర్, జర మంచిది తియ్!" అంటడు. లవ్ ఫెయిల్యూర్ అన్నదే పెద్ద అక్షరాలతోని రాయి.

ఇగ నువ్వు చెప్పిన మూడింటి గురించి నలుగురిని అడిగి చూసిన. ఫేస్‌బుక్ అంటే బంజారాహిల్స్‌ల పెండ్లి లెక్క. అందరు కొత్త బట్టలు కట్టుకోని ఫొటోలు దిగుతరు, ఎవ్వలూ తినరు. ట్విట్టర్ అంటే కారు అద్దం దించి ఒక్కమాట అని మళ్ల అద్దం ఎక్కించుకునేటోడు. ఆర్కుట్ అంటే కృష్ణానగర్ చాయ్ హోటల్. ఒక్క చాయ్ మీద పొద్దంత ముచ్చట. గడ్డం కిరాయికి అడిగేటోడు చాయ్ హోటల్లనే దొరుకుతడు. ఆర్కుట్ ఖాయం జెయ్.

అయితె ఫ్రెండ్‌గ రమ్మని ఉట్టిగనే పిలుస్తరంట కదా. దేవమ్మ ఒప్పుకుంటలేదు. "బొట్టు వెట్టకుంట పిలుస్తె ఎవ్వలొస్తరు? మర్యాద లేదా?" అంటున్నది.

ఉంట మరి
పోచయ్య

మరిచిన ముచ్చట: కుంకుమ పొట్లం ఇందుల పెట్టిన. దీనికి దారం లేదు, భయపడకు. ముందుగాల కంప్యూటర్‌కు బొట్టు వెట్టి, అటెన్క అందరిని పిలువు.


జూబ్లీహిల్స్

పోచయ్య గారికి సంతోషంతో రాఘవేంద్ర రాస్తున్నది.

మొదటి పేజీ అండీ! మొదటి పేజీలో మొదటి పేరు! తెలుగులో "లవ్ ఫెయిల్యూర్" అని కొట్టి చూడండి, అన్నిటికంటే పైన మీ దుకాణం పేరు, అడ్రసు, ల్యాండ్‌లైన్ నంబరు. సైట్ చూసేవాళ్ళు పొద్దున్నించి సాయంత్రానికి పుట్టలు పుట్టలుగా పెరిగిపోతున్నారు. ఆర్కుట్‌లో మన గ్రూపులో చేరడానికి జనం తోసుకుంటున్నారు. మేడమ్ నా సీటు దగ్గరికి వచ్చి మరీ షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

జూస్ సెంటర్ వాళ్ళని వేరే చోటు చూసుకోమని కమలాకర్ గారితో ధైర్యంగా చెప్పండి.

మీ
రాఘవేంద్ర

తా.క. కుంకుమ కొంచెం కీబోర్డులో పడిందండీ. ఎంటర్ నొక్కినప్పుడల్లా నా వేలికి బొట్టు వస్తోంది.


ఫిల్మ్‌నగర్ బస్తీ

రాఘవేంద్రా, దండం పెడ్త, జర జల్ది చదువు.

గిరాకొచ్చింది. గిరాకొచ్చింది గానీ గడ్డాలకు కాదు.

మొదలు మాదాపూర్‌ల ఏదో కంపెనీల పనిచేసే పోరడు బైకు మీదొచ్చిండు. పేరు క్రాంతికుమార్. మెడల కార్డు, కండ్లల్ల నీళ్లు. "తాతా, లవ్ ఫెయిల్యూర్ అని కొడితె మీ అడ్రస్ వచ్చింది" అని అద్దం ముందటి కుర్చీల కూలవడ్డడు.

"ఏ గడ్డం కావాలె బిడ్డా?" అన్న.

"నాది నాకే మొలిచింది తాతా" అన్నడు.

గాడు పోకముందే ఇంకో ఇద్దరు. మరునాటికి దుకాణం బయట బైకులు వరుసగ నిలవడ్డయి. కమ్మరి కొలిమి లెక్క నిట్టూర్పులు. దేవమ్మ ఒక్కొక్కని తల నిమిరి, ఉప్మా వెట్టి, "ఏం పిల్ల బిడ్డా, ఏ కులపోళ్లు, మేం పొయ్యి మాట్లాడాల్నా?" అని అడుగుతున్నది. ఫోన్ మోగితె నేను "హలో" అనకముందే అవతల ఏడుపు. విగ్గు కోసం వచ్చిన అసలు మేకప్ మనిషి లోపట తొంగిచూసి, ఎవరో పోయిన్రనుకోని చెప్పులు బయట ఇడిశి నిలవడ్డడు.

కమలాకర్ చూసిండు. "నాయ్నా, ఇది దుకాణమా, దవాఖానా?" అని అరిశిండు. జూస్ సెంటరాయన నిన్న టేపు తెచ్చి గోడలు కొలిశిండు. ఫ్రిజ్ ఎక్కడ వస్తదో గీత గీశిండు. గా గీత మునీశ్వరుల గడ్డాలు దాచే పెట్టె మీదికెల్లి పోయింది బిడ్డా.

నన్ను గా పేజీల నుంచి దింపు. లేకుంటె సక్కటి పేజీల ఎక్కించు. దసరా దగ్గరవడ్డది.

బుగులుతోని
నీ పోచయ్య

మరిచిన ముచ్చట: ఒక్కడు మాత్రం గడ్డం తీసుకున్నడు. గా పిల్ల ఇంటి ముందట మారువేషంల తిరగనీకి. వాపసు తెచ్చిచ్చి, "పిల్ల గుర్తువట్టలే తాతా, కుక్క పట్టింది" అన్నడు.


జూబ్లీహిల్స్

పోచయ్య గారికి, ఎలా మొదలుపెట్టాలో తెలియక రాఘవేంద్ర రాస్తున్నది.

తప్పు నాదేనండీ. మాట దొరికితే చాలనుకున్నాను. ఆ మాట కొట్టే మనిషికి ఏం కావాలో ఆలోచించలేదు. "సినిమాలకు, నాటకాలకు గడ్డాలు కిరాయికి" అని మళ్ళీ మొదట్నుంచి రాస్తున్నాను.

కానీ ఇంకో ఉపద్రవం వచ్చింది. విజయవాడ నుంచి బసవపున్నయ్య గారని ఒకాయన వచ్చారు. నల్లని గుబురు గడ్డం, నల్లద్దాలు, సఫారీ సూటు. బంజారాహిల్స్‌లో గడ్డాల షోరూమ్ పెడుతున్నారట. మొదటి పేజీలో మొదటి పేరు తనదే ఉండాలన్నారు. మేడమ్ ఆయనకి స్వయంగా కుర్చీ లాగారు. ఆయన వెళ్ళాక "ఒకే చోట ఇద్దర్ని నిలబెట్టలేం, పెద్ద క్లయింట్‌ని చూసుకో" అని నాతో అన్నారు.

ఆయన నన్ను తిన్నగా అడిగారండీ. "ఏమయ్యా, ఆ పోచయ్య గడ్డాలు పెట్టుకుంటే దురదటగా?" ఉండబట్టలేకపోయాను. "లేదండీ, ఆయన ఏ గడ్డమైనా ముందు తన మొహానికి అంటించుకుని చూశాకే ఇస్తారు" అనేశాను. "అదంతా నాకెందుకయ్యా, ఆ మొదటి చోటు నాకిస్తావా, ఇవ్వవా?" అన్నారు. నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు, "ఆ సీటు మీద పోచయ్య గారి దస్తీ ఉందండీ" అన్నాను.

ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆయన తిరిగొచ్చి సంతకం పెట్టకపోతే నా ఉద్యోగం గురించి ఆలోచించాల్సి వస్తుందని మేడమ్ అన్నారు.

మీ
రాఘవేంద్ర

తా.క. ఆయనకీ మా టీ నచ్చలేదు. దారం మీసానికి తగులుకుంది. కానీ మరక పడలేదండీ, బాగా అలవాటున్నవారిలా ఒడుపుగా విడదీసుకున్నారు.


ఫిల్మ్‌నగర్ బస్తీ

రాఘవేంద్ర బిడ్డకు పోచయ్య అడిగేది,

గా బసవపున్నయ్య గడ్డం ఎట్లుండె? ఒత్తుగ ఉండెనా? చెంపల కాడ సాఫ్‌గ కలిశిందా, గీత గిట్ల కనవడ్డదా? దగ్గరికెల్లి చూసినవా? మాట మాట్లాడుతుంటె కదిలిందా? అన్ని రాయి. ఫికర్ జెయ్యకు.

పోచయ్య

మరిచిన ముచ్చట: సఫారీ మంచిగుండెనా? భుజాల కాడ బిగుతు గిట్ల లేదు కదా?


మధురానగర్, నా రూమ్ నుంచి

తాతగారికి,

నా ఉద్యోగం పోయేలా ఉంటే మీరు ఆయన గడ్డం గురించి అడుగుతారేంటండీ! చాలా సహజంగా ఉంది. దువ్వుకున్నారు కూడా. ఈ వివరాలు సరిపోతాయా?

రెండ్రోజులు సెలవు పెట్టాను. ఆఫీసుకెళ్ళి మేడమ్ మొహం చూసే ధైర్యం లేదు. తెనాలిలో మా అమ్మ రాజ్యలక్ష్మి వీధి వీధంతా "మా వాడు హైదరాబాద్‌లో సినిమావాళ్ళని పైకి తెస్తున్నాడు" అని చెప్పుకుంది. ఇప్పుడు బ్యాగు సర్దుకుని కూర్చున్నాను. మీ దుకాణాన్ని నిలబెట్టలేకపోయాను. అదొక్కటే ముల్లులా గుచ్చుతోంది. వెంకటనర్సయ్య గారిని దారి తప్పించి ఇటు రప్పించినందుకు క్షమించండి.

మీ
రాఘవేంద్ర

తా.క. సఫారీ భుజాల దగ్గర కొంచెం బిగుతుగానే ఉంది. ఇప్పుడు మీ మనసు కుదుటపడిందా?


ఫిల్మ్‌నగర్, గడ్డాల దుకాణంలకెల్లి

నాయ్నా రాఘవేంద్రా, బ్యాగు కింద పెట్టి చదువు.

మొదలు దుకాణం ముచ్చట. క్రాంతికుమార్ అని ఏడ్సుకుంట వచ్చిండు చూడు, వాళ్ల కంపెనీల ఆన్యువల్ డే అంట, పౌరాణిక నాటకం ఏస్తరంట. కార్డులు ఏసుకునే పోరగాండ్లే రాక్షసులు, వాళ్ల మేనేజరే మునీశ్వరుడు. "తాతా, నా దుఃఖంల మీ ఉప్మా తిన్న, వేరేకాడికి ఎట్ల పోత?" అని మొత్తం మాలు మనకాడనే తీసుకున్నడు. ఆర్కుట్‌ల మన ఏడ్పు గ్రూపుల రాశిండంట. గా గ్రూపులున్నోళ్లంత మాదాపూర్ల ఒక్కో కంపెనీల ఉన్నోళ్లే కదా! ప్రతి కంపెనీకి ఒక నాటకం, ప్రతి నాటకానికి గడ్డాలు. నువ్వు తప్పు తలుపు తెరిశినవనుకున్నవ్. గా తలుపులకెల్లే గిరాకొచ్చింది బిడ్డా.

కమలాకర్ జూస్ సెంటరాయనకు వేరే దిక్కు చూసుకోమన్నడు. ఆయన గీశిన గీత నేను ఉమ్మి తుడ్శిన.

గిప్పుడు బసవపున్నయ్య ముచ్చట. నిన్న ఆయన మళ్ల మీ ఆఫీసుకు పోయిండు, ఎంబడి మా కమలాకర్ గూడ. పద్మప్రియ మేడం కుర్చీ గుంజింది. ఆయన కూసోని, గమ్ము జర నీళ్లతోని తడిపి, గడ్డం మెల్లగ పీకి టేబుల్ మీద పెట్టిండు. అద్దాలు తీశిండు. గా వేషం లోపట నేనున్న.

నేనే బిడ్డా. ఇన్నేండ్లు షూటింగులల్ల మీ దిక్కు డైలాగులు వినీ వినీ "ఏమయ్యా, ఏంటండీ" నోటికొచ్చినయ్. సఫారీ కమలాకర్ పెండ్లినాటిది, భుజాల కాడ బిగుతే.

ఎందుకు జేశిన అంటవా? బుగులు బిడ్డా, భయం. "పోచయ్యా, నువ్వే ఫస్టు" అన్నోళ్లను మస్తుమందిని చూశిన. బొంబాయి మాలు దిగంగనే గుర్తువట్టి గూడ ఇడిశిపెట్టిన్రు. నీకన్న పెద్దోడొస్తె నువ్వేం జేస్తవో చూద్దామనుకున్న. నువ్వు నన్ను గుర్తువట్టనే లేదు. గానీ ఇడిశిపెట్టలే.

మేడం మొదలు మొహం ఎర్రగ జేసుకున్నది. అటెన్క గా గడ్డం ఎత్తి తన మొహానికి పెట్టుకోని అద్దం తెమ్మన్నది. దస్తీ మాట చెప్పి, "గిట్లాంటి పోరడు ఇంకో ఆఫీసుకు పోతె మీకే లాసు" అన్న. సోమవారం రమ్మన్నది. నీ నౌకరి ఖాయం జేస్తదంట. అమ్మకు ఫోన్ జెయ్.

నీ తాత
పోచయ్య

మరిచిన ముచ్చట: మీ ఆఫీసుల గా దారం పొట్లాల డబ్బా కనవడ్తలేదని వెతుకుతున్రంట. వెంకటనర్సయ్య మీద అనుమానం పెట్టుకోకున్రి. మొదటిసారి వచ్చినప్పుడే బసవపున్నయ్య సఫారీ జేబుల ఏసుకొచ్చిండు. దేవమ్మ పొట్లాలన్ని చింపి, పాలల్ల పోసి, అల్లం కొట్టి మరగవెట్టింది. ఈ కాయితంతోని ఫ్లాస్కు పంపిన. తాగు. దారం లేదు.