కదిలే పేజీ, కదలని బటన్

జూన్ 3

కంటి ఆసుపత్రి వెబ్‌సైట్ పని మా ఆఫీసుకే వచ్చింది. వచ్చిన పది నిమిషాలకే స్కేల్ సార్‌కీ నాకూ గొడవ. మా ఓనరుకి ఆ పేరు పెట్టింది నేనే. ముప్పై ఏళ్ళు పత్రికల్లో పేజీలు దిద్దిన మనిషి. జేబులో స్టీలు స్కేలు లేనిదే ఇంట్లోంచి బయటికి రారు. స్క్రీన్ మీద కూడా స్కేలు పెట్టి కొలుస్తారు. ఆయన లెక్కలో పేజీ అంటే ఫిక్స్‌డ్. వెడల్పు తొమ్మిది వందల అరవై పిక్సెళ్ళు, అంతే. ఫోనులో చూసినా అంతే, టీవీలో చూసినా అంతే. నేను ఫ్లెక్సిబుల్ అన్నాను. స్క్రీన్ ఎంతుంటే పేజీ అంతకి సర్దుకోవాలన్నాను. పెట్టిన వస్తువు పెట్టిన చోట ఉండాలమ్మా, పూటకోచోట ఉంటే అది పేజీ కాదు, సంత అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

చివరికి ఒప్పందం. చెరొకటీ చేస్తాం. ఇరవయ్యో తారీకున ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ ఒకటి ఎంచుకుంటారు. నాది నెగ్గితే ఇకనుంచి డిజైన్ అంతా నా మాట మీదే. ఓడితే నోరు మూసుకుని మళ్ళీ బ్యానర్లు చేసుకోవాలి. నాలుగేళ్ళుగా చేస్తున్నది అదే.

జూన్ 4

సంతంట!

జూన్ 7

రెండు పేజీలూ అత్తయ్య ఫోనులో తెరిచి చూపించాను. ఆవిడ ఫోనులో అక్షరాలు ఒక్కొక్కటీ గుమ్మడికాయంత ఉంటాయి. సార్ పేజీ పావు వంతే కనిపించింది. మిగతాది కావాలంటే వేలితో పక్కకి లాగాలి. అపాయింట్‌మెంట్ బటన్ కుడిపక్క ఎక్కడో చివర. లాగీ లాగీ అత్తయ్యకి విసుగొచ్చింది. ఇది డాక్టరు దగ్గరికి పంపే పేజీయా, డాక్టరు ఇంటి చుట్టూ తిప్పే పేజీయా అన్నారు. నా పేజీ బుద్ధిగా ఆ ఫోనులో ఒదిగిపోయింది. బటన్లు చోట్లు మార్చుకున్నాయి, అయినా అన్నీ కనిపించాయి. నేను సోఫా ఎక్కి గంతులేశాను. మా ఆయన పేపరు దించకుండానే, గెలిచాక ఎగురు అన్నాడు.

జూన్ 11

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. వెబ్ పేజీ అయినా సరే, ప్రింట్ తీసి గోడకి అంటించాలి. సార్ దాని మీద సంతకం పెడితేనే పేజీ పాసైనట్టు. ఇవాళ నా పేజీ ప్రింట్ అడిగారు. ఏ సైజుది సార్ అన్నాను. పేజీకి సైజేంటి, పేజీ సైజే అన్నారు. నాకు తిక్క పుట్టింది. ఫోను నుంచి టీవీ దాకా పదకొండు సైజులు ప్రింట్ తీసి గోడంతా అంటించేశాను. ఆఫీసంతా ఒకటే నవ్వు. సార్ నవ్వలేదు. గోడకి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి, ఒక్కో కాగితాన్నీ అరచేత్తో తడిమారు. ఏ రెండిట్లోనూ బటన్ ఒకేచోట లేదు అన్నారు.

తర్వాత తన కంప్యూటర్లో నా పేజీ తెరిచి, కుడివైపు పైమూల ఖాళీ చోటు మీద మూడుసార్లు క్లిక్ చేశారు. బటన్ దానికి రెండంగుళాల కింద, ఇంత లావున, ఎర్రగా ఉంది. పని చెయ్యట్లేదేంటి అని అరిచారు. బటన్ అక్కడ లేదు సార్ అని నవ్వాను. అందరికీ వినపడేలా నవ్వాను.

గెలుపు నాదే.

జూన్ 13

ఇంటి తాళాలు రెండు జతలూ నా బ్యాగులోనే ఉండిపోయాయి. వాటికోసం అత్తయ్య ఆఫీసుకి వచ్చారు. సార్ నాలుగడుగుల దూరంలో, ఎదురుగానే ఉండి, ఎవరమ్మా అన్నారు. అత్తయ్య నోరు విప్పగానే, ఓ మీరా, రండి రండి అంటూ కుర్చీ చూపించారు. ఇంతకుముందు ఐదారుసార్లు చూసిన మనిషినే.

సాయంత్రం అత్తయ్య, మీ సార్‌కి చూపు ఆనట్లేదే అన్నారు. నేను కొట్టిపారేశాను. అప్పుడు చెప్పారు. కంటి ఆపరేషన్‌కి ముందు తనకీ అంతేనట. వంటింట్లో ఉప్పు, పంచదార, అగ్గిపెట్టె, ఏదీ చూసి తీసేవారు కాదట. చోటు గుర్తుపెట్టుకుని తీసేవారట. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఒకరోజు ఆ అరలన్నీ సర్దాను. అందంగా, సైజుల వారీగా. ఆ మధ్యాహ్నం నువ్వు బయటికెళ్ళాక వంటింట్లో కూర్చుని ఏడ్చానే అన్నారు. ఎవరికీ చెప్పలేదట. చెబితే పొయ్యి దగ్గరికి రానివ్వరేమోనని భయమట.



జూన్ 14

పొద్దుటినుంచీ సార్‌నే గమనించాను. ఆయన మౌస్ వెతుక్కోదు. తిన్నగా వెళ్ళి నొక్కుతుంది. ఆయన చూడట్లేదు, గుర్తు మీద వెళ్తున్నారు. ఆ తొమ్మిది వందల అరవై పిక్సెళ్ళూ ఆయనకి కంఠతా వచ్చు. పేజీ కదిలితే ఆయనకి దారి పోయినట్టే. పేజీలు దిద్దేవాడికి చూపు తగ్గిందని ఎవరితో చెప్పుకుంటారు? మొన్న నేను నవ్విన నవ్వు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అలా అని ఓడిపోవడానికి సిద్ధంగా లేను. ఆయన పేజీతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళు నానా తిప్పలూ పడతారు. అది తప్పే. నా పేజీలో ఇంకో తప్పుంది. సర్దుకోవడం మంచిదే, చోట్లు మారిపోవడమే చెడ్డది.

జూన్ 17

మొత్తం విప్పేసి మళ్ళీ కట్టాను. స్క్రీన్ ఎంతున్నా, అక్షరం ఎంతున్నా, అపాయింట్‌మెంట్ బటన్ పేజీ మొదట్లోనే, ఎడమ అంచుని అంటుకునే ఉంటుంది. దాని కింద డాక్టర్ల పేర్లు, వాటి కింద వేళలు. ఈ వరస ఎక్కడా తప్పదు. లావవుతాయి, సన్నబడతాయి, చోటు మాత్రం వదలవు. పాత ప్రింట్లు పీకేసి కొత్తవి అంటించాను. చూడమని ఎవరినీ పిలవలేదు.

జూన్ 20, సాయంత్రం 4

గెలిచాను గెలిచాను గెలిచాను!

జూన్ 20, సాయంత్రం 6

ఇప్పుడు కాస్త స్థిమితపడ్డాను. రాస్తాను.

డాక్టరమ్మ మమ్మల్ని మొదటి స్లైడ్ దగ్గరే ఆపేశారు. నా కళ్ళు బాగానే ఉన్నాయి, నాకు చూపిస్తే ఏం లాభం, వాడేవాళ్ళకి చూపించండి అంటూ వెయిటింగ్ హాల్లోకి నడిపించుకెళ్ళారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒక రిటైర్డ్ బస్సు డ్రైవర్ ఫోనులో ముందు సార్ పేజీ తెరిచాం. ఆయన అటు లాగి, ఇటు లాగి, దీనికన్నా సందులో బస్సు రివర్స్ చెయ్యడం తేలికమ్మా అన్నారు. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. తర్వాత నా పేజీ. నిమిషంలో బుక్ చేసేసి, అంతేనా అన్నారు. పక్కనున్నావిడ నాకూ చూపించమ్మా అన్నారు. ఆవిడ వెనక ఇంకొకరు. క్యూ కట్టారు. నా పేజీకి క్యూ!

ఆ సందట్లో నా ఫోనులో అక్షరాలు బాగా పెద్దవి చేసి సార్ చేతిలో పెట్టాను. మీరూ నొక్కండి సార్, ఏ స్క్రీన్‌లోనైనా ఎడమ అంచునే ఉంటుంది అని మెల్లగా చెప్పాను. నొక్కారు. ఫోను అడ్డంగా తిప్పి మళ్ళీ నొక్కారు. రిసెప్షన్ కంప్యూటర్ దగ్గరికెళ్ళి అక్కడా నొక్కారు. తప్పలేదు. నా వైపు తిరిగి ఫోను నా చేతికిచ్చారు. నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసింది. డాక్టరమ్మ ఏది ఖాయం చేద్దాం అని నోరు తెరిచేలోపే, మా అమ్మాయిదే డాక్టరుగారూ, ఇంక మాట లేదు అన్నారు గట్టిగా.

మా అమ్మాయిదే అన్నారు. మెట్లు రెండేసి చొప్పున దిగాను. ఇంటికొచ్చి అత్తయ్యని పట్టుకుని గిర్రున తిప్పేశాను. వదలవే, నడుం పోతుంది అని అరుస్తూనే ఆవిడా నవ్వారు.

జూన్ 23

గోడ మీది ప్రింట్లకి సంతకం పెట్టమంటే, ఇక నువ్వే పెట్టు అన్నారు సార్. పెట్టాను. అంత పెద్ద సంతకం జన్మలో పెట్టలేదు.

జూలై 1

సైటు మొదలైంది. మధ్యాహ్నానికి నలభై మూడు అపాయింట్‌మెంట్లు. అత్తయ్య తెలిసినవాళ్ళందరికీ ఫోను చేసి, మా కోడలు చేసింది, చూడండి అని చెబుతున్నారు. కళ్ళు బాగున్నవాళ్ళని కూడా వదలట్లేదు.

జూలై 2

సార్ వచ్చి, రేపు నాకు సెలవు కావాలమ్మా అన్నారు. ఆఫీసు ఆయనది. సెలవు నన్నడుగుతున్నారు. ఎక్కడికి సార్ అన్నాను. కంటి ఆసుపత్రికి, పదిన్నరకి అపాయింట్‌మెంట్ అన్నారు.

ఎవరు బుక్ చేశారు సార్ అన్నాను.

నేనే, అన్నారు.