నీ ఎడమచేతి ముడి

నాన్నా,

ఇవాళ నీ మనవరాలి బడిలో బొమ్మల ప్రదర్శన. 'నేనెవరు' అని ఎవరి బొమ్మ వాళ్లే చేసుకురమ్మన్నారు. ఇది రంగులు ముట్టుకోలేదు. షాదీపూర్ ఇంట్లో రేకుల కింద వేలాడే నీ పాత వల చూసుకుంటూ, నైలాన్ దారంతో తన ముఖం అల్లేసింది. "మచ్ఛీవాలీ", చేపలదీ అని దీన్ని చూసి ముక్కు మూసుకునే పిల్లలు దాని ముందు నోరు తెరుచుకుని నిలబడ్డారు.

"బేటీ, యే కిస్నే సిఖాయా?" అని హిందీలో, ఎవరు నేర్పారని అడిగింది టీచరమ్మ.

"మా తాత, మేడమ్."

అది పుట్టకముందే పోయావు నువ్వు. దగ్గరికెళ్లి చూశాను. దానిది కుడిచేతి వాటం, కానీ ముడులన్నీ నీ ఎడమచేతి ముడులే. నీ వలలోవి విప్పి విప్పి నేర్చుకుందట.

నేనడిగినప్పుడు "ఆడపిల్లవి, నీకెందుకే వలపని?" అన్నావు. దానికి మాత్రం నేర్పేశావు, నాన్నా.