నాన్న తుపాకి మీద అరుగుదల

నెబ్రాస్కా, అక్టోబరు

చెల్లాయ్ వెర్నా,

నాన్న పాత వేట తుపాకికి కొత్తగా నల్లపూత వేయించమన్నావు కదా. కెర్నీలో పాత తుపాకులు పోగుచేసే ఎమరిక్ గారికి చూపించాను. గొట్టం మీదా, మీట పైనున్న ఇనుము మీదా ఒకే నంబరు చూసి ఆయన మురిసిపోయాడు.

"అరవై ఏళ్లయినా ఒక్క మర మార్చలేదు! మెరుగు పెడితే దీని విలువంతా పోతుంది. పెట్టించావంటే మళ్లీ నా గడప తొక్కకు," అన్నాడు.

తర్వాత, తూటా ఎక్కించడానికి ఎడమచేత్తో ముందుకీ వెనక్కీ లాగే చెక్కని తడిమి, "మీ నాన్నకి ఎడమచేతికి రెండు వేళ్లు లేవా?" అని అడిగాడు.

నాన్నని ఆయనెన్నడూ చూడలేదే! మొక్కజొన్న కోసే మిషన్లో ఆ వేళ్లు పోయిన సంగతి అప్పుడు చెప్పాను. చెక్క మీద నిజంగానే మిగిలిన రెండు వేళ్ల అరుగుదలే ఉంది. ఇన్నేళ్లూ నా కంటికి ఆనలేదు.

పూత వేయించలేదు, కోప్పడకు. నువ్వే వచ్చి తీసుకెళ్లు. గోడకి తగిలించేముందు ఒక్కసారి అక్కడ నీ వేళ్లు పెట్టి చూడు.

అన్నయ్య